గడ్డి సాలకు, ధాన్యం మిల్లుకు: ఒక ఖరీఫ్ అనుభవం

శ్రీకాకుళం జిల్లా బూర్జ మండలంలో, నారాయణపురం ఆనకట్ట కాలువ కింద, మాకు రెండెకరాల సొంత పొలమూ రెండెకరాల కౌలు పొలమూ ఉన్నాయి. సాలలో రెండు పాడి గేదెలు, ఒక ఆవు, ఒక పెయ్య ఉన్నాయి. నా భర్త విశాఖపట్నంలో పని చేస్తారు కనుక వ్యవసాయం, పాడి రెండూ నేనూ మా అత్తమ్మా చూసుకుంటాం. కోతలప్పుడు, బండి పని ఉన్నప్పుడు మా మరిది తోడుంటాడు. 2024 ఖరీఫ్ పంటలో గడ్డిని ఇంటికి చేర్చి మేతగా మార్చుకోవడం, ధాన్యాన్ని ఆరబెట్టి మిల్లుకు తోలడం ఎలా సాగాయో ఇక్కడ రాస్తున్నాను. ధాన్యం ధర గురించి మా ఊళ్లో నలుగురు కూడిన ప్రతిచోటా మాట నడుస్తుంది. గడ్డి సంగతి మాత్రం ఎండలు ముదిరి, పక్క ఊరి నుంచి ట్రాక్టరు గడ్డి కొనవలసి వచ్చినప్పుడే గుర్తుకు వస్తుంది. పాడి ఉన్న ఇంటికి కోతల నాడే గడ్డి గురించి ఆలోచించక తప్పదని నా నమ్మకం.

ముందుగా లెక్క చెబుతాను. పెద్ద గేదె రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి తింటుంది. పచ్చిమేత దొరకని నెలల్లో ఇంకా ఎక్కువే కావాలి. ఆరు కిలోల చొప్పున చూసినా ఏడాదికి రెండు టన్నుల పైమాటే. మా పొలంలో ఎకరాకు 80 కిలోల బస్తాలు పాతిక పండితే ధాన్యం రెండు టన్నులు అవుతుంది. వరిలో గడ్డి బరువు ఇంచుమించు ధాన్యం బరువంత ఉంటుంది. అంటే ఒక పెద్ద పశువును ఏడాది పొడుగునా మేపడానికి ఎకరం గడ్డి అంతా కావాలి. అందులో వానకు తడిసి కుళ్లినది, బురద పట్టినది, పశువులు తొక్కి పారేసినది పోగా, నాలుగెకరాల గడ్డి మా సాలకు బొటాబొటీగా సరిపోతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకొనే కోత ఎలా కోయించాలో నిర్ణయించుకున్నాం.

సొంత పొలంలో శ్రీకాకుళం సన్నాలు వేశాం. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఆర్.జి.ఎల్. 2537 రకాన్నే మా వైపు ఆ పేరుతో పిలుస్తారు. దాని గడ్డి మెత్తగా ఉంటుంది, మా గేదెలు ఇష్టంగా తింటాయి. అందుకని ఆ రెండెకరాలనూ కూలీలతో కొడవళ్లతో కోయించి, పనలు ఆరిన తరువాత మోపులు కట్టించి, కళ్లంలో కుప్ప వేయించాం. కౌలు పొలంలో వేసిన ఎం.టి.యు. 1121 రకం వరిని కోత మిషనుతో కోయించాం. రెండు చోట్లా మనుషులతోనే కోయించే స్తోమత మాకు లేదు. కూలీలు దొరకడమూ కష్టమే, దొరికినా ఊరంతా ఒకే వారంలో పిలుస్తుంది.

మిషను కోతలో ధాన్యం ఆ పూటే తొట్టిలో పడుతుంది. గడ్డి మాత్రం నలిగి, విరిగి, వెనుక వరుసలుగా పడిపోతుంది. మడి తడిగా ఉంటే మిషను చైను చక్రాల కింద సగం గడ్డి బురదలో కూరుకుపోతుంది. అందుకని కోతకు ముందే మడిలో నీరు పూర్తిగా తీయించి, నేల గట్టిపడే దాకా ఆగాం. కోసిన తరువాత వరుసలను ఎండకు వదిలి, మధ్యలో ఒకసారి తిరగవేయించి, ఆ పైన గడ్డి కట్టలు కట్టే యంత్రాన్ని పిలిచాం. ఆ యంత్రం నడిపే అబ్బాయి తెల్లవారేసరికే వచ్చి పని మొదలుపెడతానన్నాడు. మార్గశిర మాసంలో మా వైపు మంచు దట్టంగా పడుతుంది. పొద్దెక్కే దాకా గడ్డి పైపొర చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మతో కట్ట బిగిస్తే నాలుగు రోజుల్లో లోపల వేడెక్కి, తెల్లటి బూజు పడుతుంది. పైకి కట్ట బంగారు రంగులో మెరుస్తూనే ఉంటుంది. విప్పితే ముక్క వాసన కొడుతుంది. బూజు పట్టిన గడ్డి చూడి పశువుకు అసలే పనికిరాదు. అందువల్ల పది గంటలు దాటాక, గుప్పెడు గడ్డి పట్టుకొని మెలితిప్పితే పటపటమని విరిగినప్పుడే మొదలుపెట్టమన్నాను. అబ్బాయి కొంచెం విసుక్కున్నాడు గాని ఆగాడు.

కట్టల బండిని ఇంటికి తేవడం ధాన్యం బండిని తోలడం కన్నా నేర్పుతో కూడిన పని. బరువు తక్కువే అయినా ఎత్తు ఎక్కువ, వెడల్పు ఎక్కువ. కాలువ గట్టు మీద దారి ఒకవైపు వాలుగా ఉంటుంది. ఊరి మొదట్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. మా మరిది కట్టలను ఇటుకల వరుసల వలె ఒకదాని అతుకు మీద మరొకటి వచ్చేటట్టు పేర్చి, ముందు నుంచి వెనుకకు, అడ్డంగా మరోసారి మోకులతో బిగించాడు. తీగల కింద నుంచి వెళ్లేటప్పుడు బండి మీద మనిషిని కూర్చోనివ్వలేదు. ట్రాక్టరు తొట్టి వెనుక ఎర్ర గుడ్డ సరిపోదని, చీకటిలో మెరిసే ఎర్ర పట్టీ అంటించాడు. సంక్రాంతి ముందు రోజుల్లో మా రోడ్ల మీద చీకటి పడ్డాక ఎన్ని గడ్డి బళ్లు, ధాన్యం బళ్లు తిరుగుతాయో ఈ ప్రాంతం వారికి తెలుసు. వెనుక దీపం లేని తొట్టి ఎంత ప్రమాదమో కూడా తెలుసు.

డిసెంబరు మూడో వారంలో అల్పపీడనం వచ్చి వాన పట్టింది. అప్పటికి కట్టల గడ్డి ఇంటి వెనుక రేకుల పంచలోకి చేరింది. సన్నాల కుప్ప కళ్లంలో ఉంది. 1121 ధాన్యం మాత్రం ఆరబోసి ఉంది. కుప్ప గురించి మా అత్తమ్మ నిశ్చింతగా ఉన్నారు. తాటి దుంగల మీద ఎత్తుగా వేయించి, వెన్ను కంకులు లోపలికి, మొదళ్లు బయటికి వచ్చేలా పేర్పించి, పైభాగాన్ని గడ్డితో ఏటవాలుగా కప్పించింది ఆవిడే. వాన నీరు మొదళ్ల మీదుగా జారిపోయింది. తరువాత చేయి పెట్టి చూస్తే జానెడు లోపల పొడిగా ఉంది. నేర్పుగా వేసిన కుప్ప వానను ఎలా కాచుకుంటుందో నేను అప్పుడే దగ్గరగా చూశాను.

ధాన్యం రాశి దగ్గర అలా కుదరదు. ఉన్న బరకాలలో ఒకటి కింద, రెండు పైన వేసి, చుట్టూ బోదె తీశాం. కప్పిన ధాన్యం లోపల ఉడుకుతుంది. వాన వెలిసిన ప్రతిసారీ, రాత్రి పూట కూడా, బరకం తీసి గాలి ఆడనిచ్చి, చేట్లతో, పారలతో రాశిని కలియబెట్టాం. రాశి మధ్యలోకి మోచేతి దాకా చేయి దూర్చితే వెచ్చగా తగిలిన చోటును వెంటనే విడదీసి పల్చగా పరిచేవాళ్లం. ఒకటి రెండు గింజలు నోట్లో వేసుకొని కొరికితే టక్కున విరగకుండా పళ్లకు మెత్తగా ఆనుతున్నంత కాలం ఆ ధాన్యం మిల్లుకు పోదు.

ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటరాదన్నది నిబంధన. ఆ ఏడాది మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2300 రూపాయలు, గ్రేడ్ ఏ రకానికి 2320 రూపాయలు. సాధారణ రకం లెక్కన 80 కిలోల బస్తాకు 1840 రూపాయలు వస్తుంది. వాన పడుతున్న రోజుల్లో దళారులు కళ్లాల దగ్గరకు వచ్చి, తడిసిన ధాన్యాన్ని అలాగే ఎత్తుకుపోతామని చాలా తక్కువకు అడిగారు. అప్పులున్న వాళ్లు ఇచ్చేశారు, వాళ్లను తప్పుపట్టలేను. మేము ఆగగలిగామంటే పాల డబ్బులు ఇంటి ఖర్చుకు వస్తుండడమే కారణం.

వాన తగ్గి నాలుగు ఎండలు కాశాక రైతు సేవా కేంద్రం సహాయకుడు కళ్లానికే వచ్చి తేమ చూశాడు. కౌలు పొలానికి కౌలు గుర్తింపు కార్డు తీసుకొని, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో నా పేరు రాయించుకొని, వేలిముద్రతో ఈ-కేవైసీ కూడా ముందే ముగించి ఉన్నాను. కౌలు రైతులకు నేను మరీ మరీ చెప్పేది ఇదే. పంట చేలో ఉండగానే ఈ కాగితాలు సరిచూసుకోవాలి. ధాన్యం కళ్లానికి వచ్చాక పరుగులు తీస్తే భూమి యజమాని పేరు మీద అమ్మవలసి వస్తుంది, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, తరువాత ఆయన వెంట తిరగాలి.

గోనె సంచులు ఇచ్చారు. వాటిలో కొన్నిటికి చిల్లులు ఉన్నాయి. ముందుగానే ఎండలో విదిలించి, చిల్లులు కుట్టాం. కళాసీలు వచ్చి నలభై కిలోల చొప్పున తూచి, మూతులు కుట్టి, తొట్టిలోకి ఎక్కించారు. తూకం వేసే ముందు సహాయకుడి ఎదుటే ఖాళీ గోనె బరువు చూపించి, దాన్ని తీసివేసి లెక్క రాయమన్నాను. తొట్టిలో బరువు వెనక్కి పడితే ట్రాక్టరు వెనుక చక్రాలు తేలికబడి, గట్టు మలుపు దగ్గర పట్టు తప్పుతాయి. అందుకని ఇరుసు మీదుగా ముందుకు సర్ది ఎక్కించారు. మంచు పడే వేళ కనుక సంచుల మీద బరకం కప్పి, అంచులు తొట్టి కొక్కేలకు కట్టాం.

మాకు కేటాయించిన మిల్లు దగ్గర వరుస చాలా పొడుగ్గా ఉంది. మరిది రాత్రంతా ట్రాక్టరు దగ్గరే ఉన్నాడు, నేను తెల్లవారి వెళ్లాను. మిల్లు వాళ్లు సంచిలోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి తేమ చూసి, "అమ్మా, పద్దెనిమిదిన్నర ఉంది. బస్తాకు తరుగు పోతుంది, మీ ఇష్టం" అన్నారు. గుచ్చింది తొట్టి అంచున, మంచు తగిలిన పై వరుస సంచిలో. నేను గొంతు పెంచలేదు. "బాబూ, పై వరుసలో ఒకటి, నడిమి వరుసలో రెండు, కింద రెండు తీసి, కలిపి చూడండి. అప్పుడు ఎంత వస్తే అంత ఒప్పుకుంటాను" అన్నాను. కళ్లంలో తీసిన తేమ కాగితం కూడా చూపించాను. కొంతసేపు అటూ ఇటూ తిప్పారు. చివరికి అయిదు సంచుల గింజలు కలిపి చూస్తే 16.8 వచ్చింది.

తరుగు విషయంలో రైతులు లెక్క తెలుసుకోవాలి. 20 శాతం తేమ ఉన్న వంద కిలోల ధాన్యంలో అసలు పదార్థం 80 కిలోలు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే 96 కిలోల పైచిలుకు మిగులుతుంది, అంటే మూడున్నర కిలోలు నీరుగా పోతుంది. తడి ధాన్యానికి ఆ మేరకు బరువు తగ్గించడంలో అన్యాయమేమీ లేదు. 17 లోపల ఉన్న ధాన్యానికి కూడా బస్తాకు ఇంత అని కోసుకోవడం మాత్రం నేను ఒప్పుకోలేను. మేము రాశిని రాత్రులు మేలుకొని ఆరబెట్టింది ఆ తరుగు పడకూడదనే. కాటా చీటీలో నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు రెండూ రాయించుకొని, రసీదు తీసుకొని బయటపడ్డాం. డబ్బు ఆలస్యం లేకుండా నా ఖాతాలో పడింది.

సన్నాలను పండుగ ముందు నూర్చాం. తిండికి ఉంచుకోగా మిగిలినవి అదే పద్ధతిలో తోలాం. ఆ సంగతి మళ్లీ చెప్పనవసరం లేదు. ఆ గడ్డితో ఇంటి దగ్గర పెద్ద వామి వేయించి, ఒకవైపు నుంచే దూసుకుంటూ వచ్చాం. నాలుగు వైపులా పీకితే వాన నీరు దిగి వామి అంతా పాడవుతుంది.

ఇక మేత. మా దగ్గర రెండు హార్స్‌పవర్ మోటారుతో నడిచే చాఫ్ కట్టర్, అంటే గడ్డి కత్తిరించే యంత్రం, ఉంది. గడ్డిని నిలువుగా పశువు ముందు వేస్తే చివర్లు తిని మొదళ్లు తొక్కేస్తుంది. కత్తిరించి తొట్టిలో పోస్తే దాదాపు అంతా తింటుంది. మాకు గడ్డి ఆదా అయిందంటే ముఖ్యంగా ఇందువల్లే. ముక్క అంగుళం నుంచి అంగుళంన్నర ఉండేటట్టు పళ్ల చక్రాలు మార్చుకున్నాం. అంతకన్నా సన్నగా, పొట్టులాగా నలగకొట్టడం మంచిది కాదు. నెమరు వేయడానికి పొట్టలో కొంత పీచు పొడుగ్గా ఉండాలి; మరీ పొడి అయితే నెమరు తగ్గుతుంది, పాలలో వెన్న తగ్గుతుంది.

కట్టల గడ్డిని కత్తిరించే ముందు కొడవలితో ప్లాస్టిక్ తాళ్లు కోసి, కట్టకు రెండు తాళ్లూ చేతికి వచ్చాయో లేదో చూసుకొని, గోడకు కొట్టిన మేకుకు తగిలిస్తాను. ఆ తాడు ముక్క గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతే బయటికి రాదు. గడ్డిని విదిలించి రాళ్లు, ఇనుప తీగ ముక్కలు ఏరతాను. తీగ ముక్క మింగిన పశువుకు అది పొట్ట గోడను పొడుచుకొని గుండె దాకా పోతుందని మా పశువైద్యులు చెప్పారు.

యంత్రం దగ్గర నాకున్న కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. చీర కొంగు నడుముకు బిగించి, గాజులు తీసి, జడ ముడి వేసుకున్నాకే మోటారు వేస్తాను. గడ్డిని రోలర్ల వైపు చేత్తో తోయను, అందుకు వెదురు కర్ర పెట్టుకున్నాను. చెమ్మ గడ్డి రోలరుకు చుట్టుకొని, మోటారు మూలుగుతూ నెమ్మదిస్తుంది. ఆ సమయంలో చాలామంది చేయి పెట్టి లాగబోతారు. మా బంధువుల ఊళ్లో ఒకావిడ వేళ్లు అలాగే పోయాయి. స్విచ్ ఆపడం చాలదు, కత్తుల చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచి, ప్లగ్ పీకాకే ముట్టుకుంటాను. పొలం పనుల్లో వాడే యంత్రాల ప్రమాదాలను అరికట్టడానికే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, కత్తుల మీది రేకు మూత ఊడదీసి పక్కన పడేసిన యంత్రాలు ఊరూరా కనిపిస్తాయి. దయచేసి ఆ మూత తీయకండి. పిల్లలను ఆ పంచలోకి రానివ్వకండి.

కత్తులు మొద్దుబారితే శబ్దంలోనే తెలుస్తుంది. గడ్డి తెగేటప్పుడు చరచరమనవలసింది, నలుగుతున్నట్టు గరగరమంటుంది. అప్పుడు రెండు కత్తులూ విప్పి, ఒకే వాలులో సాన పట్టించి, అడుగు పట్టీకీ కత్తికీ మధ్య కాగితం మందమే సందు ఉండేలా బిగిస్తాం. రెంటిలో ఒకటి మాత్రమే సాన పట్టిస్తే ముక్కలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా వస్తాయి.

వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. కడుపు నింపుతుంది గాని, పాలు దానితోనే రావు. అందుకని దాణాను కూడా మేమే ఆడించుకుంటాం. వంద కిలోల దాణాకు మొక్కజొన్న 35, తవుడు 32, వేరుశనగ చెక్క లేదా నువ్వుల చెక్క 30, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున కలుపుతాం. మొక్కజొన్న, చెక్క పిండిమరకు పట్టుకుపోయినప్పుడు జల్లెడ పెద్ద కన్నులది వేయమని చెప్పాలి. రొట్టెల పిండిలా మెత్తగా ఆడిస్తే పొట్టలో గబగబా పులిసి, ఉబ్బరం, పారుడు వస్తాయి. గింజ నాలుగైదు ముక్కలైతే చాలు. మొక్కజొన్న కండె దగ్గర నల్లబడి ఉన్నా, చెక్క మీద పచ్చటి బూజు కనిపించినా చవకగా వస్తుందని కొనకూడదు. ఆ బూజులోని విషం పాలలోకి కూడా దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. దాణా బస్తాలను చెక్క బల్లల మీద, గోడకు దూరంగా పెడతాం.

ఉదయం పాలు తీసే ముందు కత్తిరించిన గడ్డి మీద కాస్త ఉప్పు నీళ్లు చల్లి, దాణా కలిపి తొట్టిలో వేస్తాను. దుమ్ము అణుగుతుంది, పశువు దగ్గదు. ఈనిన గేదెకు కొన్నాళ్లపాటు మా అత్తమ్మ ఉలవలు ఉడికించి కలుపుతారు. కొత్త దాణాకు మార్చేటప్పుడు వారం పది రోజులు పాతదానితో కొద్దికొద్దిగా కలుపుతూ పెంచుతాం.

ఆ గడ్డి మాకు తొలకరి పచ్చిక మొలిచే దాకా వచ్చింది. చివర్లో కొంత కొరత పడితే, లావేరు వైపు మొక్కజొన్న వేసే మా అప్ప వాళ్ల పొలం నుంచి చొప్ప తెచ్చుకొని కత్తిరించాం. వరిగడ్డి కన్నా చొప్ప గట్టిది. మోటారు మీద భారం పడకుండా నాలుగేసి కాడల చొప్పున అందించాలి. ఈసారి కోతలకు సొంత పొలంలో కోయడానికి కూలీల మేస్త్రీకి ముందే మాట ఇచ్చాం, రెండు కొత్త బరకాలు కొన్నాం, కళ్లం చుట్టూ బోదెను వినాయక చవితి నాటికే తవ్వించాం.